చివరి సున్న

పరాయి ఊళ్ళో తెలుగువాళ్ళిద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "మీదేవూరండీ?" అన్నదే కదా! నేను "సిరొంచ" అంటాను. "సిరిసిల్లా?" అంటారు. "కాదండీ, సిరొంచ. మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా" అంటాను. "ఓహో, మరి తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అంటారు. ఈ మెచ్చుకోలు నాకు అలవాటైపోయింది. మా అమ్మకు మాత్రం ఇప్పటికీ కోపం వస్తుంది.

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట ఆవలి ఒడ్డున కాళేశ్వరం, ఈవలి ఒడ్డున మా సిరొంచ. ఒకప్పుడు, అంటే 1860 నుంచి 1874 దాకా, అప్పర్ గోదావరి అనే జిల్లాకు మా ఊరే ముఖ్యపట్టణం. తరువాత చాందా జిల్లాలో కలిపారు. 1982లో గడ్చిరోలి వేరే జిల్లా అయినప్పుడు అందులోకి వెళ్ళాం. కాయితాల మీద జిల్లాలు మారాయి గాని ఇళ్ళల్లో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు వెళితే ఈ రెండూ గాక మాడియా గోండి కూడా వినిపిస్తుంది. వంతెనలు రాకముందు పడవల మీద పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళం. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం అంతా అవతలి ఒడ్డుతోనే.

చిక్కల్లా చదువు దగ్గర వచ్చింది. మా అమ్మ మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. పాలలెక్క రాసినా, దేవుడి పేరు రాసినా నాగరి లిపిలోనే. మాటంతా తెలుగు, రాతంతా మరాఠీ. నేనూ అంతే. పూణెలో స్థిరపడ్డాక, నలభై ఏళ్ళు దాటిన తరువాత, మా అమ్మాయితోపాటు ఆదివారం తెలుగు తరగతిలో కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. మా ఆవిడది షోలాపురు. వాళ్ళింట్లోనూ ఇదే కథ. మన పత్రిక చదివేవారిలో ఇటువంటి ఇళ్ళు ఇంకా చాలా ఉంటాయని నాకు తెలుసు. కొన్ని ఇళ్ళల్లో ఈ పత్రికను ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవాళ్ళు వింటారు.

అమ్మ చేతికి స్మార్ట్‌ఫోను వచ్చాక ఈ చిక్కు రోజూ కనిపించసాగింది. అవతలి ఒడ్డు చుట్టాల పిల్లలందరూ తెలుగు బడిలో చదివినవాళ్ళు. వాళ్ళు తెలుగులో మెసేజీలు పెడతారు, అమ్మకు అవి ముగ్గుల్లాగా కనిపిస్తాయి. "బొమ్మలు పంపుతరు, చదువుమంటరు" అనేది. అప్పుడు మా అమ్మాయి వెదికి ఒక ప్రోగ్రాము పెట్టింది. అది అనువాదం చెయ్యదు. తెలుగు అక్షరాల బదులు నాగరి అక్షరాలు పెడుతుంది, అంతే. మాట అదే, లిపి వేరు. అమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివితే అందులోంచి తెలుగు వినిపించేది. మొదటిరోజు ఆవిడ సంతోషం చెప్పనలవి కాదు. పాత మెసేజీలన్నీ తిరగేసి, ఎప్పుడో రెండేళ్ళ క్రితం వచ్చిన పెళ్ళిపిలుపుకు ఆరోజు జవాబు పెట్టింది.

2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. సిరొంచ తాలూకాలో నది పక్క ఊళ్ళు ఖాళీ చేయించారు. అవతల కాళేశ్వరం దగ్గర కన్నెపల్లి పంపుహౌసు కూడా మునిగింది. అమ్మ అప్పుడు పూణెలో మా దగ్గరే ఉంది. నేను ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్ళాను. ఆ రాత్రి అవతలి ఒడ్డున ఉన్న మా పిన్ని కూతురి దగ్గరనుంచి ఒక మెసేజి వచ్చింది. తరువాత ఎన్నిసార్లు ఫోను చేసినా కలవలేదు.

తెల్లవారుజామున అయిదింటికి అమ్మ నాకు ఫోను చేసింది. గొంతు వణుకుతోంది.

"బిడ్డా, అది ఒక్కతే ఉన్నదట. బడిల ఉన్న, పొద్దుగాల వస్త అని రాసింది. మరి దాని మొగడేడి? పిల్లలేరి?"

"అమ్మా, ఉన్న అనే రాసిందా, ఉన్నం అని రాసిందా?"

"ఉన్న అనే రాసింది. నేను చదువలేదా? రాత్రి నుంచి వందసార్లు చదివిన."

అసలు మెసేజిని నాకు పంపించమన్నాను. తెలుగులో చూస్తే స్పష్టంగా ఉంది: "నీళ్ళొచ్చినయ్. బడిలో ఉన్నం. పొద్దుగాల వస్తం." ఇంటిల్లిపాదీ ఊరి బడిలో క్షేమంగా ఉన్నారు. మధ్యాహ్నానికి ఫోను కూడా కలిసింది.

కోస్తావైపు పాఠకులకు ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మీరు 'ఉన్నాను, ఉన్నాము' అంటారు. చివరి అక్షరమే మారిపోతుంది కనుక పొరపాటుకు తావులేదు. తెలంగాణలోనూ మా దగ్గరా 'ఉన్న' అంటే నేనున్నాను, 'ఉన్నం' అంటే మేమున్నాం. వస్త, వస్తం. పోయిన, పోయినం. తింట, తింటం. నేను అన్నదానికీ మేము అన్నదానికీ మధ్య ఉన్నది ఒక్క సున్న. ఆ రాత్రి ఆ ఒక్క సున్నా రాలిపోయి, నలుగురున్న ఇల్లు ఒక్కతిగా మారింది.

మరి ఆ సున్న ఎక్కడ పోయింది? బెంగుళూరు నుంచి వచ్చాక ముందు ఆ సంగతే చూశాను. విచిత్రమేమిటంటే అది పోలేదు. ప్రోగ్రాము తెలుగు సున్నకు బదులు నాగరి అక్షరం నెత్తిన చుక్క పెట్టింది. శాస్త్రప్రకారం అది సరైనదే. కాని మరాఠీలో మాట చివరి చుక్కకు ఒక అలవాటు ఉంది. 'కేలం, అసం' అని చుక్క పెట్టి రాస్తారు గాని 'మ్' అని నోరు మూయరు. చివరి అకారాన్ని కాస్త సాగదీసి వదిలేస్తారు. మా అమ్మ మరాఠీ బడిలో నేర్చుకున్నట్టే చదివింది. రాసినవాళ్ళ తప్పు లేదు, చదివినవాళ్ళ తప్పు లేదు, ప్రోగ్రాము కూడా తనకు చెప్పిన పనే చేసింది. అయినా మా అమ్మకు ఆ రాత్రంతా నిద్ర లేదు.

"ఎవరికైనా ఫిర్యాదు చేద్దామా?" అన్నాను. మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, ఇది ఓపెన్ సోర్స్. ఫిర్యాదు ఎందుకు? మనమే సరిచేసి ప్యాచ్ పంపుదాం" అంది. నేను కంప్యూటర్ల పనే చేస్తాను గాని నా పని కంపెనీ నాలుగు గోడల మధ్యది. బయటి ప్రపంచానికి ఒక్క పంక్తి పంపినవాణ్ణి కాను.

ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము లోపలి రాతంతా అందరూ చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఆ మార్పు తిరిగి పంపవచ్చు. తెలుగులో పోతన, వేమన అనే అక్షరరూపాలను దేశికాచార్యులుగారు ఈ పద్ధతిలోనే అందరికీ ఇచ్చారు. ఈ పద్ధతి లేనిచోట ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. 'జ్ఞా' అనే అక్షరం ఒక రకంగా కూర్చి ఉన్న మెసేజి వస్తే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలేవి. అక్షరం మనదైనా అందులో చెయ్యిపెట్టే వీలు మనకు లేదు. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న సవరణ విడుదల చేసేదాకా కాచుకుని ఉండవలసివచ్చింది.

ఇక ప్యాచ్ అంటే అచ్చంగా అతుకే. తొలిరోజుల్లో ప్రోగ్రాములు కాగితపు పట్టీల మీద చిల్లుల రూపంలో ఉండేవి. తప్పు దిద్దాలంటే తప్పు చిల్లు మీద కాగితం ముక్క అంటించేవారు. పేరు అక్కడినుంచి వచ్చింది. 1985లో లారీ వాల్ అనే ఆయన 'ప్యాచ్' అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. దానివల్ల మొత్తం ప్రోగ్రామును ఊరూరా పంపే అవసరం తప్పింది. పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా పంపితే చాలు, అవతలివాళ్ళు తమ ప్రతిలో అతికించుకుంటారు. తీసేసిన పంక్తి ముందు మైనస్ గుర్తు, చేర్చిన పంక్తి ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడే గిట్ అనే పనిముట్టును 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ పనికోసం తయారుచేశాడు. అన్నట్టు, అతుకులను ఒకదానిమీద ఒకటి వరుసగా పేర్చుకోవడానికి 'క్విల్ట్' అనే పనిముట్టు కూడా ఉంది. క్విల్ట్ అంటే మన బొంత, మరాఠీవాళ్ళ గోధడి. ఈ సంగతి చెబితే అమ్మకు ఈ విద్యమీద కొంచెం గౌరవం కలిగింది. బొంతలు కుట్టడంలో ఆవిడకు పేరుంది మరి.

ఆ రాత్రే అతుకు వేసి పంపేద్దామనుకున్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు. ముందు ఆ ప్రోగ్రాముతోపాటు ఉన్న నియమాల కాగితం చదివించింది. ఒక ప్యాచ్‌లో ఒకే పని చెయ్యాలి. పనిలో పనిగా పక్క పంక్తుల్లో ఖాళీలు సరిచెయ్యడం వంటివి కలపకూడదు. ఎందుకు మారుస్తున్నామో చెప్పాలి. మార్పు పనిచేస్తోందని చూపే పరీక్షలు జతచెయ్యాలి. చివర సంతకం పంక్తి ఉండాలి. ఇది నా పనే, ఇచ్చే హక్కు నాకుంది అని ఒప్పుకోవడమన్నమాట. లైనక్స్‌వాళ్ళు 2004లో మొదలుపెట్టిన ఆచారమట. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది మొదటి నియమం. రెండు పనులు కలిపితే అవతలివారు ఒకటి ఒప్పుకుని ఒకటి వద్దనుకున్నప్పుడు విప్పడం కష్టం.

మార్పు చూడటానికి చాలా చిన్నది. సున్నకు బదులు చుక్క పెట్టే పంక్తి ఒకటి ఉంది. మాట చివర అయితే చుక్క వద్దు, 'మ్' పెట్టమనాలి. మరాఠీ బడిలో దాన్ని 'పాయమోడ్కా మ' అంటారు, అంటే కాలు విరిగిన మ. మాట మధ్యలో సున్నను ముట్టుకోకూడదు, 'గంగ' కాస్తా 'గమ్గ' అవుతుంది. ఇంతకీ మాట చివర అని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఖాళీ వస్తే, చుక్క వస్తే, కామా వస్తే అని నేను జాబితా రాయడం మొదలుపెట్టాను. "మరి ఎమోజీ వస్తే?" అంది అమ్మాయి. నిజమే, మా చుట్టాల్లో ఏ మెసేజీ రెండు చేతుల నమస్కారం బొమ్మ లేకుండా ముగియదు. చివరికి జాబితా అంతా తీసేసి, సున్న తరువాత తెలుగు అక్షరం లేకపోతే అది మాట చివరే అని ఒక్క పంక్తిలో తేల్చాం.

పరీక్షల దగ్గర అమ్మ కావలసివచ్చింది. పరీక్ష అంటే పెద్ద విద్య కాదు. ఈ మాట ఇస్తే ఇలా రావాలి అని ముందుగా రాసిపెట్టుకునే జాబితా. ప్రోగ్రామును ఎవరు ఎప్పుడు మార్చినా కంప్యూటరు ఆ జాబితా అంతా చెప్పించుకుంటుంది. "నేను, మేము తేడా వచ్చే మాటలు చెప్పమ్మా" అంటే అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెబుతూ పోయింది. ఉన్న, ఉన్నం. చేసిన, చేసినం. చెప్త, చెప్తం. నాటేసినం, కోసినం, ఒడ్డెక్కినం. అన్నీ వ్యవసాయం మాటలు, నది మాటలు. కొత్త ప్రోగ్రాముతో నాగరిలోకి మార్చి ఆవిడకే చూపించాం. పైకి చదివింది. "ఇగో, ఇప్పుడు మాట చివర నోరు మూసుకుంటాంది" అంది. దీనికన్నా మంచి పరీక్షాఫలితం నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

మార్పుతోపాటు పంపవలసిన వివరణ నేను ఒక పేజీ రాశాను. వరద, బడి, అమ్మ నిద్రలేని రాత్రి అన్నీ పెట్టాను. అమ్మాయి చదివి, "నాన్నా, ఇది ఉత్తరం కాదు" అని కొట్టేసింది. మొదట ఒక చిన్న పంక్తి, ఒక ఖాళీ పంక్తి, తరువాత కారణం. మిగిలినదల్లా ఇది: మరాఠీ చదువరులు మాట చివరి చుక్కను పలకరు కనుక తెలుగు క్రియల్లో 'మేము' అన్నది 'నేను'గా మారుతోంది. నాకు మొదట మనసు ఒప్పలేదు గాని రెండుసార్లు చదివాక ఇంకేమీ కలపాలనిపించలేదు. సంతకం పంక్తిలో నా పేరు తెలుగులో రాశాను. బ్యాంకులోనూ బడిలోనూ నా సంతకం ఎప్పుడూ మరాఠీయే.

ఆగస్టులో పంపాం. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆ ప్రోగ్రాము బాగోగులు చూసే అతను ఎవరో, ఏ దేశమో నాకు ఇప్పటికీ తెలియదు. మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, మార్పును ఇలా చేర్చుకోలేనన్నాడు. కారణం ఉంది. తెలుగు నుంచి నాగరికి పోయిన మాట తిరిగి తెలుగులోకి వస్తే బయలుదేరినట్టే ఇల్లు చేరాలి. ఆ ప్రోగ్రాములో అదొక కట్టుబాటు. నా మార్పుతో 'ఉన్నం' వెళ్ళి 'ఉన్నమ్' అయి తిరిగొస్తోంది. పైగా నాగరి లిపి చదివేవాళ్ళందరూ మరాఠీవాళ్ళు కారు కదా, వాళ్ళందరికీ ఈ మార్పు ఎందుకు అన్నాడు. రెండూ కాదనలేని మాటలే.

దానికింద ఇంకొకరు ఒక ప్రశ్న రాశారు. తెలుగువారే. "ఉన్నం అన్నది నిఘంటువులో లేదు. ఉన్నాము అనాలి కదా, అచ్చుతప్పేమో" అని. ఆయన దురుద్దేశంతో అన్నది కాదు. కాని అది చదివినప్పుడు మొదట చెప్పానే, "తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అన్న మెచ్చుకోలు, అదే మళ్ళీ వినిపించింది. ఒక ఘాటైన జవాబు రాసి, పంపకుండా పొద్దున్నదాకా ఉంచాను. పొద్దున్న చూస్తే అందులో ప్రోగ్రాముకు పనికివచ్చే ముక్క ఒక్కటీ లేదు. దాని బదులు అమ్మ చెప్పిన జంటలన్నీ వరుసగా రాసి, పక్కన ఒక్కొక్కదానికీ నేను, మేము అని అర్థం రాసి, ఇవి తెలంగాణలోనూ గోదావరి ఈవలి ఒడ్డునా ఇళ్ళల్లో రోజూ వాడే రూపాలని చెప్పాను. మరునాడే ఆయన జవాబిచ్చారు. "తెలియలేదు, మన్నించండి. ఈ జంటలు తప్పకుండా పరీక్షల్లో ఉండాలి" అన్నారు. అంతటితో ఆగక నా వివరణలో ఒక వాక్యం సరిచేసి ఇచ్చారు. ఇప్పుడు అప్పుడప్పుడూ పలకరించుకుంటాం.

రెండో ప్రతిలో పద్ధతి మార్చాం. మామూలుగా ప్రోగ్రాము ఎప్పటిలాగే చుక్క పెడుతుంది, వెళ్ళిన మాట అలాగే తిరిగొస్తుంది. 'మరాఠీ చదువరి కోసం' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కుకున్నవారికి మాత్రం చివర 'మ్' వస్తుంది. అవతలి వ్యక్తి మీట పేరు మార్చమన్నాడు, మార్చాం. వాడుక పుస్తకంలో రెండు వాక్యాలు రాయమన్నాడు, రాశాం. మూడో ప్రతి సెప్టెంబరు చివరలో చేర్చుకున్నారు. మైనస్ గుర్తు పంక్తి ఒకటి, ప్లస్ గుర్తు పంక్తులు పద్నాలుగు. అందులో ఎక్కువ భాగం అమ్మ మాటలే. ఆ ప్రోగ్రామును ఏ దేశంలో ఎవరు మార్చినా ఇప్పుడు వాళ్ళ కంప్యూటరు ముందుగా 'ఒడ్డెక్కిన, ఒడ్డెక్కినం' అప్పచెప్పాలి.

దసరాకు పిన్ని కూతురు మెసేజి పెట్టింది: "పండుగకు వస్తం." అమ్మ తనే చదువుకుని వంటింట్లోకి వచ్చి, "వస్తం అన్నది, ఎందరొస్తరో చెప్పకపాయె" అని బియ్యం కొలతలో పడింది. ఏడుగురు వచ్చారు.

ఇప్పుడు రెండో ప్యాచ్ చేతిలో ఉంది, అది మొదటిదానికన్నా మొండిది. మనకు ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. మరాఠీలో ఆ తేడా లేదు. 'నెల పోయినంక వస్త' అని వస్తే అమ్మ 'నేల పోయినంక' అని చదివింది. బ్యారేజీ నీళ్ళలో పొలాలు మునిగిన మా ప్రాంతంలో అది నవ్వే మాట కాదు. దక్షిణాది భాషలకోసమని నాగరిలో హ్రస్వమైన ఎ, ఒ లకు యూనికోడ్‌లో వేరే అక్షరాలున్నాయి. అవి పెడదామంటే అమ్మ చదివిన నాలుగో తరగతి పుస్తకంలో అవి లేవు. చూపిస్తే, "ఇదేందిది, ఏత్వం వంకర పోయింది" అంది. పెట్టకపోతే నెలకూ నేలకూ తేడా తెలియదు. ఏది మంచిదో నేను ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకునేముందు పరీక్షల జాబితా కావాలి, దానికి ఒక్క అమ్మ చాలదు.

అందుకే ఈ వ్యాసం. షోలాపురు, భివండి, ముంబయి, నాగపూరు, ఇంకా ఎక్కడెక్కడో ఉన్న పాఠకుల ఇళ్ళల్లో మరాఠీ లిపిలో తెలుగు చదివే పెద్దవాళ్ళు ఉంటారు. నెల, నేల లాగా, మెడ, మేడ లాగా దీర్ఘం తేడాతో అర్థం మారే జంటలు వాళ్ళనడిగి రాసి పంపండి. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి, పుస్తకంలో ఉందా లేదా అని చూడకండి. తెలుగులో రాసినా నాగరిలో రాసినా ఫరవాలేదు. సంఘం చిరునామాకు పోస్టుకార్డు వేసినా నాకు అందుతుంది.